కారు వెనక సీట్లో మొదలైన పాటలు: విల్ టొలీడో తొలి ఎనిమిదేళ్లు

యూసుఫ్‌గూడలో నాది పది బై పన్నెండు అడుగుల రికార్డింగ్ గది. ఆ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. సొంతంగా రాసుకుని, ట్యూన్ కట్టుకుని, గిటార్ మీద పాడుకుంటాడు. యూట్యూబ్‌లో అప్పటికే పద్నాలుగు పాటలు పెట్టాడు. ఒక్కోదానికి వందా నూటయాభై వ్యూస్ ఉన్నాయి.

"అన్నా, మంచిగా ఒక నాలుగు పాటలు చేద్దాం. అవి రిలీజ్ చేసే ముందు పాతవన్నీ డిలీట్ కొట్టేస్తా."

"ఎందుకు తమ్ముడూ?"

"వాటిల్లో ఫ్యాన్ సౌండ్ ఉందన్నా. ఒకదాంట్ల అయితే మా అమ్మ పెట్టిన కుక్కర్ విజిల్ కూడా పడింది. ఎవరన్నా వింటే పరువు పోతది."

ఈ మాట నేను ఏడాదికి నాలుగైదుసార్లు వింటాను. విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చే పేరు విల్ టొలీడో. ఆ రోజు అతనికి ఈ కథ పది నిమిషాల్లో హడావిడిగా చెప్పాను. సరిగా చెప్పలేదన్న వెలితి మిగిలిపోయింది. అందుకే ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను. టొలీడో ఇప్పుడు పేరున్న గాయకుడు, ఆ పేరు గురించి చెప్పడం నా ఉద్దేశం కాదు. 2010 నుంచి 2018 దాకా అతను తన పాత పాటలతో ఏం చేశాడన్నదే నాకు కావలసింది.

ఎవరూ వినని రోజులు

అసలు పేరు విల్ బార్న్స్. 1992లో పుట్టాడు. ఊరు లీస్‌బర్గ్, అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. హైస్కూల్లో ఉండగానే 'నర్వస్ యంగ్ మెన్' అనే పేరుతో పాటలు చేసి పెట్టాడు. పెద్దగా ఎవరూ వినలేదు. అలాంటప్పుడు చాలామంది మానేస్తారు, లేదా జనానికి నచ్చేలా మారడానికి ప్రయత్నిస్తారు. అతను వేరే పేరు పెట్టుకుని, ఇంకా విచిత్రమైన పాటలు చేయడం మొదలుపెట్టాడు. ఎలాగూ ఎవరూ వినట్లేదు, అలాంటప్పుడు భయమెందుకు అన్నట్టు. ఆ కొత్త పేరే 'కార్ సీట్ హెడ్‌రెస్ట్'. అప్పట్లో బ్యాండ్ ఏమీ లేదు, ఆ పేరు వెనక ఉన్నది ఒక్క మనిషి.

ఇంట్లో అందరూ ఉంటే గొంతెత్తి పాడటానికి సిగ్గు. అందుకే ఇంటి కారు తీసుకెళ్లి ఎక్కడో పార్క్ చేసి, వెనక సీట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో గొంతు రికార్డు చేసేవాడు. కళ్లెదురుగా కనిపించేది ముందు సీటు హెడ్‌రెస్ట్. పేరు అక్కడి నుంచే వచ్చింది.

2010 వేసవిలో వరసగా నాలుగు ఆల్బమ్‌లు పెట్టాడు. వాటికి పేర్లు కూడా లేవు, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలే. పద్దెనిమిదేళ్లు నిండబోయే కుర్రాడు ఒక్క సెలవుల్లో నాలుగు ఆల్బమ్‌లు. అవన్నీ నేను విన్నాను. నిజం చెప్పాలంటే సగానికి పైగా నిలబడవు. గొంతు ఎక్కడో అడుగున ఉంటుంది, లెవెల్ దాటి చిరిగిపోతుంది, మాట అర్థం కాదు. కానీ వరసపెట్టి వింటే ఒకటి తెలుస్తుంది. ఒక పాటలో కుదరని పని తర్వాతి పాటలో ఇంకోలా చేసి చూశాడు. బయట పెట్టేశాడు కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడకుండా ముందుకు పోగలిగాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకే పాటకి పదమూడో మిక్స్ అడిగేవాళ్లు ఉన్నారు. అదే పాట చుట్టూ ఏడాది తిరుగుతారు.

కారులో పాడితే ఏం జరుగుతుంది

ఇది నా వృత్తి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ఆపి ఉంచిన కారు గొంతు రికార్డింగుకి అనుకున్నంత చెడ్డ చోటు కాదు. సీట్లకి ఫోమ్, పైకప్పుకి గుడ్డ, కింద కార్పెట్. ఇవి హై ఫ్రీక్వెన్సీలని పీల్చేస్తాయి. అద్దాలు ఎత్తేస్తే బయటి శబ్దం బాగా తగ్గుతుంది. మన ఇళ్లలో గ్రానైట్ ఫ్లోరూ ఖాళీ గోడలూ ఉన్న హాల్లో పాడితే వచ్చే గంట మోగినట్టుండే మోత కారులో రాదు.

ఇబ్బందంతా కింది శ్రుతిలో ఉండే శబ్దాలతో. కారు లోపలి వెడల్పు ఒకటిన్నర మీటరు అనుకోండి. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు. ఆ లెక్కన ఎదురెదురు తలుపుల మధ్య మొదటి రెసొనెన్స్, అంటే శబ్దం తనంతట తానే ఉబ్బే చోటు, సుమారు 114 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. గిటార్‌లో ఐదో తీగ, అంటే ఎ తీగ, 110 హెర్ట్జ్. మగవాళ్ల గొంతులో కింది స్వరాలు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అందుకే కారులో కింది స్వరం పాడితే డబ్బాలో మాట్లాడినట్టు బొంగురుగా ఉబ్బుతుంది, పై స్వరం పాడితే పొడిగా, దగ్గరగా, చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. పక్కనున్న అద్దం నుంచి తిరిగొచ్చే శబ్దం దానికి తోడవుతుంది. మైక్ అద్దానికి దూరంగా, సీటు వీపు వైపు తిప్పి పెడితే అది చాలావరకు తగ్గుతుంది.

టొలీడో ఈ లెక్కలు వేసుకుని కారులోకి వెళ్లలేదు, సిగ్గుపడి వెళ్లాడు. కానీ ఆ చోటే గొంతుని ఒక పద్ధతిలో పెట్టింది. వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అరవగలిగాడు, గొణగగలిగాడు, మధ్యలో మాటల్లో చెప్పేయగలిగాడు. స్టూడియోలో గంటకింత అని మీటర్ తిరుగుతూ, గాజు అవతల నాలాంటివాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని చూస్తూ ఉంటే పద్దెనిమిదేళ్లవాడు అలా పాడలేడు. ఈ సంగతి నేను ఒప్పుకోవాలి. ఎంత మంచి మైక్ ఇచ్చినా నా గదిలో కొందరి గొంతు బిగుసుకుపోతుంది.

పందొమ్మిదేళ్లకి ట్విన్ ఫాంటసీ

డిగ్రీ కోసం మొదటి ఏడాది రిచ్‌మండ్‌లో వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీలో చేరాడు, తర్వాత విలియమ్స్‌బర్గ్‌లోని విలియం అండ్ మేరీ కాలేజీకి మారాడు. పాటలు మాత్రం ఆపలేదు. అన్నీ బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టేవాడు. 2008లో మొదలైన ఆ సైట్‌లో ఆల్బమ్ ధరని కళాకారుడే పెట్టుకోవచ్చు, ఉచితంగా ఇవ్వచ్చు, 'మీకు తోచినంత ఇవ్వండి' అనీ అనచ్చు. మధ్యలో లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఉండదు. పాట ఎవరిదో వాళ్లదే. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

2011 నవంబర్‌లో 'ట్విన్ ఫాంటసీ' పెట్టాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. ఒక ప్రేమ గురించి, అది అందీ అందకుండా పోవడం గురించి పది పాటలు. అందులో ఒకటి పన్నెండు నిమిషాలు దాటుతుంది. మెల్లగా, మనిషి నుంచి మనిషికి, అభిమానులు చేరింది ఈ ఆల్బమ్ చుట్టూనే.

అందులో 'బాడీస్' అనే పాటలో ఒక చోటు ఉంది. మన పాటలో పల్లవి ముందే వస్తుంది, తర్వాత చరణం. వాళ్ల పద్ధతిలో చరణంలాంటి వర్స్ ముందు వస్తుంది, పల్లవిలాంటి కోరస్ దాని తర్వాత. వినేవాళ్లు కోరస్ కోసం ఎదురుచూస్తారు. ఈ పాటలో డ్రమ్ములు దంచుతుంటాయి, గిటార్ అలలా లేస్తుంటుంది, ఇప్పుడు కోరస్ పడాలి అనుకుంటాం. అప్పుడు పాటలోనే అడుగుతాడు, కోరస్ వచ్చేసిందా అని. ఇంకా లేదు, వర్స్‌నే ఇంకాస్త పెంచుతున్నాను, కోరస్ వచ్చినప్పుడు ఇంకా బాగుంటుంది అని తనే జవాబు చెప్పుకుంటాడు. పాట ఎలా కడుతున్నాడో పాటలోనే చూపిస్తున్నాడు. నిజంగా కోరస్ పడినప్పుడు మనసు ఎగిరిపోతుంది. ఈ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, అంతకుముందు పెట్టిన ఆ అంకెల ఆల్బమ్‌ల నుంచే అంటాను.

ఆ తర్వాత వచ్చిన వాటిని త్వరగా దాటేస్తాను. 2012లో 'మోనోమేనియా', 2013లో రెండు గంటలు నడిచే 'నర్వస్ యంగ్ మ్యాన్', 2014 అక్టోబర్‌లో 'హౌ టు లీవ్ టౌన్'. రెండు గంటల ఆల్బమ్ నాకు ఎక్కువే అనిపిస్తుంది. పక్కన కూర్చుని "ఇది తీసేయ్" అనే మనిషి లేకపోవడం వల్ల వచ్చే లోపం అది. ఒంటరిగా చేసేవాళ్లందరికీ ఉంటుంది.

బ్యాండూ లేబులూ

2014లో డిగ్రీ అయిపోయాక దేశానికి ఆ చివర ఉన్న సియాటెల్ పక్కన కిర్క్‌లాండ్‌కి మకాం మార్చాడు. డ్రమ్మర్ ఆండ్రూ కాట్జ్ క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల వెబ్‌సైట్ ద్వారా దొరికాడు. మాటడోర్ రికార్డ్స్ అనే లేబుల్ స్థాపకుడు క్రిస్ లొంబార్డీ బ్యాండ్‌క్యాంప్‌లో ఆ పాటలు విని సంప్రదించాడు. 2015లో ఒప్పందం కుదిరింది. అప్పటికి అతను బయట పెట్టిన ఆల్బమ్‌లు పదికి పైగా.

ఇక్కడ గమనించాల్సింది లేబుల్‌తో మొదటి ఆల్బమ్. 2015 అక్టోబర్ 30న వచ్చిన 'టీన్స్ ఆఫ్ స్టైల్'లో దాదాపు అన్నీ పాత పాటలే. 2010 నుంచి 2012 దాకా బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టినవాటిని ఎంచుకుని మళ్లీ చేశాడు. మన కుర్రాడు డిలీట్ కొడతానన్నది సరిగ్గా ఇలాంటి పాటలే. నాలుగైదేళ్ల ముందు చిరిగిన గొంతుతో చేసిన పాటలోంచి ట్యూన్ తీసుకున్నాడు, మాట తీసుకున్నాడు, చెత్త వదిలేశాడు. పాతవి బయటే ఉన్నాయి కాబట్టి ఏ పాట జనం మనసులో నిలిచిందో అతనికి ముందే తెలుసు.

వారం రోజుల ముందు ఆగిపోయిన రికార్డు

ఈ కథలో నా వృత్తికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న భాగం ఇది.

తర్వాతి ఆల్బమ్ 'టీన్స్ ఆఫ్ డినయల్'. మొదటిసారి పూర్తి బ్యాండ్, నిజమైన స్టూడియో, స్టీవ్ ఫిస్క్ అనే అనుభవజ్ఞుడైన ప్రొడ్యూసర్. విడుదల తేదీ 2016 మే 20. అందులో ఒక పాటలో 'ది కార్స్' బ్యాండ్ 1978లో చేసిన 'జస్ట్ వాట్ ఐ నీడెడ్' పాటలోని భాగాలు వాడుకున్నాడు. అనుమతి తీసుకున్నామనే మాటడోర్ అనుకుంది. ఎల్‌పీలూ సీడీలూ అచ్చయిపోయాయి. విడుదలకి వారం ముందు తేలింది, అనుమతి ఇచ్చిన పబ్లిషర్‌కి, అంటే పాట రచన హక్కులు చూసే సంస్థకి, అమెరికాలో ఆ ఒప్పందం పూర్తి చేసే అధికారం లేదని. పాట రాసిన రిక్ ఒకాసెక్ తన రచన అందులో ఉండటానికి ఇష్టపడలేదు. అచ్చయిన కాపీలన్నీ వెనక్కి తెప్పించి ధ్వంసం చేయాల్సి వచ్చింది.

ఇరవై మూడేళ్లవాడికి స్టూడియోలో మొదటి పెద్ద పని. ఆ టెన్షన్ ఊహించుకోండి. అతను రెండు రోజులు కూర్చుని, ఆ భాగం లేకుండా 'నాట్ వాట్ ఐ నీడెడ్' అనే కొత్త పాట కట్టాడు. ఊరికే కోసి అతికించలేదు. పాతదానికన్నా అర నిమిషం పొడుగైంది, తనకి కొత్తదే మేలనిపించిందని కూడా చెప్పాడు. డిజిటల్ విడుదల అనుకున్న రోజే జరిగింది. ఎల్‌పీలూ సీడీలూ జూలైలో వచ్చాయి. ఇదే ఆల్బమ్‌లో పదకొండు నిమిషాలు నడిచే 'ది బ్యాలడ్ ఆఫ్ ది కోస్టా కాంకార్డియా'లో గాయని డైడో పాడిన 'వైట్ ఫ్లాగ్' పాట మాటలు వస్తాయి. ఆ పాటకి ఏమీ కాలేదు, అలాగే ఉంది.

రెండు రోజుల్లో ఎలా కట్టగలిగాడంటే, ఆరేళ్లుగా అతను చేస్తున్న పనే అది. తన పాటనే విప్పి మళ్లీ కట్టడం.

అనుమతి విషయంలో నాకూ ఒక చేదు అనుభవం ఉంది. 2019లో ఒక అమ్మాయి పాట మిక్స్ చేశాను. చివర్లో పాత సినిమా పాటలోంచి రెండు లైన్లు పాడింది. ఒక కంపెనీ నుంచి మెయిల్‌లో సరేనన్నారు. రికార్డింగ్ హక్కు వాళ్లదే, కానీ సాహిత్యం, ట్యూన్ హక్కులు వేరేవాళ్ల దగ్గర ఉన్నాయి. మూడు వారాలకి పాట తీసేశారు. ఆ అమ్మాయి ఆ తర్వాత ఏడాది దాకా గిటార్ ముట్టలేదు. ఇది ఎవరి హక్కు, ఏ హక్కు, ఏ దేశానికి అని నేను ముందే అడిగి ఉండాల్సింది.

అప్పటి నుంచి గదికి వచ్చేవాళ్లకి ఇది విడమరిచి చెబుతున్నాను. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. రాసిన పాట ఒకటి, రికార్డు చేసిన శబ్దం ఇంకొకటి. పాట మొత్తం ఉన్నదున్నట్టు మళ్లీ పాడితే అది కవర్. దానికి మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కింద ఒక దారి ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం యాభై వేల కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి, పాటని మార్చకూడదు. వేరేవాళ్ల ట్యూన్‌లో ముక్క తెచ్చి మన పాటలో కలిపితే అది కవర్ కాదు. అలాంటిదానికి అమెరికాలోనూ మన దగ్గరా హక్కుదారు అనుమతి ఒక్కటే దారి. సినిమా పాట ముక్కతో మొదలుపెట్టి తన పాటలోకి వెళ్లడం మన కుర్రాళ్లకి బాగా అలవాటు. హాయిగా ఉంటుంది, వినేవాళ్లు వెంటనే ఆగుతారు. కానీ ఆ పాట ఇక పూర్తిగా మీది కాదు. రేపు దాన్ని మళ్లీ చేయాలంటే ఇంకొకరి సంతకం కావాలి.

అదే పాట, ఆరేళ్ల తర్వాత

2018 ఫిబ్రవరి 16న టొలీడో 'ట్విన్ ఫాంటసీ'ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ రికార్డు చేసి విడుదల చేశాడు. అదే పేరు, అవే పది పాటలు, ఈసారి బ్యాండ్‌తో. ఆ పని ఎప్పుడూ పూర్తి కాలేదని, ఎలా పూర్తి చేయాలో ఇప్పటికి తెలిసిందని అన్నాడు. పది నిమిషాల 'ఫేమస్ ప్రాఫెట్స్' పదహారు నిమిషాలైంది. కొన్ని చోట్ల మాటలు మారాయి. పందొమ్మిదేళ్లప్పుడు రాసుకున్న ప్రేమని ఇరవై ఐదేళ్లవాడు పాడుతున్నాడు. లోపలున్నది అదే కుర్రాడే అయినా ఇప్పుడు కాస్త దూరం నుంచి చూస్తున్నట్టు వినిపిస్తుంది.

పాతదాన్ని మాత్రం తీసేయలేదు. దానికి 'మిర్రర్ టు మిర్రర్' అని, కొత్తదానికి 'ఫేస్ టు ఫేస్' అని చివర పేరు తగిలించి రెండింటినీ పక్కపక్కనే ఉంచాడు. అద్దం ఎదురుగా అద్దం ఒకటి, ముఖానికి ముఖం ఒకటి. నేను రెండూ ఒకదాని తర్వాత ఒకటి చాలాసార్లు విన్నాను. మిక్స్ ఇంజినీరుగా కొత్తది అన్ని విధాలా మేలు. డ్రమ్ములు నిలబడతాయి, గొంతు ముందుకొస్తుంది, ప్రతి మాటా తెలుస్తుంది. అయినా రాత్రిపూట ఒక్కడినే ఉన్నప్పుడు చేయి పాతదాని మీదకే పోతుంది. అందులో ఆ గది వినిపిస్తుంది, ఆ వయసు వినిపిస్తుంది. దాన్ని ఏ స్టూడియోలోనూ మళ్లీ చేయలేం.

ఇది అతను చేయగలిగాడంటే కారణం ఆ మొదటి పాటల హక్కులు ఎవరికీ రాసివ్వకపోవడం. లేబుల్ ఒప్పందాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది, ఫలానా ఏళ్లదాకా అదే పాటని మళ్లీ రికార్డు చేయకూడదని. పద్దెనిమిదేళ్లవాళ్లు ఆ లైను చదవరు. నా దగ్గరికి ఒప్పందం కాగితాలు పట్టుకొచ్చినవాళ్లకి నేను మొట్టమొదట వెతికి చూపించేది ఆ లైనే.

టొలీడోకి కలిసొచ్చినవి కూడా చెప్పాలి. ఇంట్లో కారుంది, కాలేజీ చదువు సాగింది, ఇంగ్లీషులో పాడితే వినే ప్రపంచం పెద్దది. మన భాషలో సొంత పాట పాడే పిల్లాడికి సినిమా నీడ దాటి బయటకి రావడమే ఒక పెద్ద పని. అతను ఒక్క వేసవిలో నాలుగు ఆల్బమ్‌లు పెట్టాడు కదా అని మీరూ పెట్టమని నేను అనను. పాతవి ఉంచుకోండి, హక్కు ఉంచుకోండి అని మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతాను.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి

తర్వాతి వారం అతను వచ్చినప్పుడు కొత్త నాలుగు పాటల్ని పక్కన పెట్టించాను. పద్నాలుగు పాత పాటలూ కలిసి విన్నాం, రెండు గంటలు పట్టింది. ప్రతి పాటకీ తేదీ, ఎక్కడ పాడాడో, ఏ ఫోనులో తీశాడో ఒక పుస్తకంలో రాయించాను. ఒకటి మాత్రం ఇద్దరికీ పట్టేసింది. వాళ్ల నాన్న డ్యూటీ నుంచి రాత్రి ఆలస్యంగా వచ్చే పాట. కుక్కర్ విజిల్ ఉన్నది అదే.

దాన్ని గదిలో మళ్లీ పాడించాను. శుభ్రంగా వచ్చింది కానీ పాట చచ్చిపోయింది. అప్పుడు కింద పార్క్ చేసిన వాళ్ల నాన్న ఆల్టోలోకి వెళ్లాం. అద్దాలెత్తి, వెనక సీట్లో అతన్ని కూర్చోబెట్టి, మైక్ సీటు వీపు వైపు తిప్పి, నేను బయట కేబుల్ పట్టుకుని నిలబడ్డాను. లోపల ఏసీ లేదు, ఉక్కపోత. మూడో టేక్‌కి గొంతు విడింది.

మిక్స్‌లో 115 హెర్ట్జ్ దగ్గర నాలుగు డెసిబెల్స్ తగ్గించాను. మిగతాది కదపలేదు. పల్లవి గదిలో పాడింది, రెండో చరణం కారులో పాడింది. చరణం అయ్యాక, పల్లవి మళ్లీ రాకముందు, ఫోనులో తీసిన పాత రికార్డింగ్ నుంచి రెండు సెకన్ల ముక్క పెట్టమని అతనే అడిగాడు. విజిల్ సరిగ్గా అక్కడ వినిపిస్తుంది.

"పాతది యూట్యూబ్‌ల అట్లనే ఉండనీ అన్నా," అన్నాడు వెళ్లేటప్పుడు. "కింద కొత్తదాని లింక్ పెడతా."